నడిమి స్టేషన్ ఎత్తు

సర్వే ఆఫీసు క్వార్టర్స్,
జూన్

చిరంజీవి బావమరిదికి బావ ఆశీస్సులు.

నువ్వు ఫోన్ ఎత్తవని అర్థమయ్యాక ఫోన్ చేయడం మానేశాను. ఉత్తరమైతే చించి పారేసేముందు ఒక్కసారైనా చదువుతావు. మనిషి బుద్ధి అంత.

ముందే చెప్పేస్తున్నాను. మీ అక్క ఎక్కడుందో అడగడానికి ఇది రాయడం లేదు. ఆవిడ ఇల్లు వదిలి నాలుగు నెలలైంది. ఎక్కడుందో నీకు తెలుసని నాకు తెలుసు. నువ్వు చెప్పవనీ తెలుసు. ఆ సంగతి గట్టున పెట్టి మన రైలు సంగతి మాట్లాడుకుందాం. మధ్యలో అదేం పాపం చేసింది?

రెండేళ్ళు కష్టపడ్డాం దాని మీద. నేను కాగితం మీద గీయడం, నువ్వు నీ కంప్యూటర్లో ఆ రైళ్ళు నడిపే సిమ్యులేటర్‌లో పట్టాలు వేయడం. భూమ్మీద ఎక్కడా లేని లైను. రెండున్నర అడుగుల గేజి, బొమ్మలాంటి ఇంజను, కొండమీది పలకరాతి గని నుంచి రేవు దాకా. రేవులో బయలుదేరిన లైను నడిమి స్టేషన్ చేరకుండానే గడ్డిలో ఆగిపోయి ఉంది. తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

రెండో మైలు దగ్గర వంపు ఎందుకని పోయినసారి అడిగావు. కారణం లేకుండా పట్టా వంగకూడదని నీకు నేర్పింది నేనే కాబట్టి జవాబు కూడా నేనే చెప్పాలి. అక్కడొక పండ్లతోట ఉంది. తోట యజమానురాలు ఒంటరి మనిషి. రైలుకి భూమి ఇవ్వనంది. అందుకని లైను ఆ తోట చుట్టూ తిరిగిపోయింది. ఆవిడకి మొండమ్మ అని పేరు పెట్టాను. ఆవిడ కాస్త సర్దుకుపోయి ఉంటే లైను సూటిగా పోయేది, అందరూ సుఖంగా ఉండేవాళ్ళు.

దీనితో ఎగుడు దిగుళ్ళ షీటు పెడుతున్నాను. నలభై అడుగులకి ఒక అడుగు ఎక్కుతుంది, అంతకన్నా నిటారుగా వేస్తే మన ఇంజను చక్రాలు జారతాయి. ఇల్లు ఎలా ఉందని అడక్కు. నిన్న కూడా గిన్నె మాడబెట్టాను.

నీ బావ


టైల్స్ ఫ్యాక్టరీ వెనక సందు,
మేడమీద గది,
జూన్ చివర

బావకి నమస్కారం.

ఉత్తరం చింపలేదు. షీటు మడత విప్పేసరికి నీ పెన్సిల్ గీత కనబడింది, ఇక చింపడం నా వల్ల కాలేదు. నాన్న పోయాక నాకు చెయ్యి పట్టుకుని గీత గీయడం నేర్పినవాడివి నువ్వే. కాదనను.

ఒక్క షరతు. అక్క సంగతి అడగకూడదు. సూటిగానూ అడగకూడదు, డొంకతిరుగుడుగానూ అడగకూడదు. అడిగిన రోజు ఉత్తరాలు బంద్. ఎక్కడుందో ఎవరికీ చెప్పనని తనకి మాటిచ్చాను. నాకంటూ మిగిలింది అక్క ఒక్కతే.

పట్టాలు మళ్ళీ వేయడం మొదలుపెట్టాను. పగలంతా ఫ్యాక్టరీలో రాయి కాని దాన్ని రాయిలా, కర్ర కాని దాన్ని కర్రలా కనబడేట్టు టైల్స్ మీద అచ్చు వేసే డిజైన్లు చేస్తాను. ఇంటికొచ్చి లేని ఊరికి రైలు వేస్తాను. పక్కగదిలో ఉండే మేస్త్రీ నన్ను చూసి, నీకు పిచ్చి ముదిరింది తమ్ముడూ, పెళ్ళి చేసుకో అంటాడు. మా బావ చేసుకున్నాడుగా, ఆయనకి తగ్గలేదు అన్నాను.

మొండమ్మ ఇవ్వనంది అన్నావు. అసలు ఎవరైనా గుమ్మం దగ్గరికి వెళ్ళి అడిగారా, లేకపోతే కొలతలేసుకుని వచ్చి తోటలో గూటాలు పాతేశారా? చరిత్ర రాస్తే అది కూడా రాయి.

నీ బావమరిది


సర్వే ఆఫీసు క్వార్టర్స్,
జూలై

చిరంజీవి బావమరిదికి,

షరతుకి ఒప్పుకున్నాను. నువ్వు పంపిన పెన్‌డ్రైవ్ ఆఫీసులో పెట్టి చూశాను. పక్క సీటు గుమాస్తా నా భుజం మీద నుంచి తొంగిచూసి, ఇది ఏ లైను సార్, నేనెప్పుడూ ఎక్కలేదే అన్నాడు. ఇంకా కట్టలేదు, కట్టాక టిక్కెట్ కొందువుగాని అన్నాను. పట్టాలు బాగున్నాయి. మొండమ్మ తోట దగ్గర వంపులో ఇంజను ఒళ్ళు విరుచుకున్నట్టు తిరుగుతుంది. శభాష్.

ఇక తిట్లు. నీ గోడలు నిన్న సాయంత్రం కట్టి ఇవాళ పొద్దున సున్నం వేసినట్టున్నాయి. ఒక్క మరక లేదు, ఒక్క పెచ్చు ఊడలేదు. టైల్స్ బుద్ధి పోనిచ్చావు కాదు. నిజం గోడ కావాలి. నీ కళ్ళతో చూసిన గోడ ఫోటో తీసి దాన్ని స్టేషన్‌కి అతికించు. నడిమి స్టేషన్ ఈ లైనుకి గుండెకాయ. ఎగువ బండి, దిగువ బండి తప్పుకునేది అక్కడే.

బండ్లు తప్పుకోవడం అంటే గుర్తొచ్చింది, బిళ్ళ పద్ధతి మరిచిపోకు. సింగిల్ లైను మీద ఒక్కటే ఇత్తడి బిళ్ళ. అది చేతిలో ఉన్న డ్రైవరే ముందుకి పోవాలి. లేనివాడు ఎంత ఆలస్యమైనా ఆగాల్సిందే. అందుకే ఇన్నేళ్ళ చరిత్రలో మన లైను మీద రెండు రైళ్ళు గుద్దుకోలేదు. మా ఇంట్లో కూడా అదే పెట్టాను, గుర్తుందా? తలుపు పక్కన మేకుకి బిళ్ళ. బయటికి వెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళాలి, రెండోవాళ్ళు ఇంటి పట్టున ఉండాలి. ఇల్లు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదని. అది చూసి నువ్వు పడీపడీ నవ్వావు. ఆ బిళ్ళ ఇప్పటికీ నా జేబులోనే ఉంది.

నీ బావ


మేడమీద గది,
ఆగస్టు

బావకి,

నవ్విన మాట నిజమే. అప్పుడు నాకు పదమూడేళ్ళు, మీ పెళ్ళయిన కొత్త. బావ ఇల్లు కూడా రైలులా నడుపుతాడని స్కూల్లో గొప్పగా చెప్పుకున్నాను. ఆ బిళ్ళ రోజూ నీ జేబులో ఆఫీసుకి వెళ్ళేదనీ, ఆదివారం కూడా అక్క చేతికి వచ్చేది కాదనీ చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. స్టూలు మీద నుంచి పడి మణికట్టు విరిగిన రోజు తను సాయంత్రం నువ్వొచ్చేదాకా ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వీధి చివర్న డాక్టరున్నాడు. ఇది రాయకూడదనుకున్నాను. నువ్వే ఎత్తావు కాబట్టి రాశాను. ఇక వదిలెయ్.

గోడల సంగతిలో నువ్వు చెప్పిందే రైటు. ఫోటోలు తీశాను. నేను ఆదివారాలు బస్సెక్కి ఒక చోటుకి వెళ్తుంటాను. అక్కడ ఒక రెండంతస్తుల పాత ఇల్లుంది. దాన్నే నడిమి స్టేషన్ మాస్టర్ క్వార్టర్స్ చేశాను. ప్రింట్లు పెడుతున్నాను చూడు. మెట్ల పక్క నీలం రంగు పొరలు పొరలుగా ఊడిపోయింది. కింద పాత ఆకుపచ్చ, దాని కింద ఇంకా పాత పసుపు. గొట్టం కారిన చోట నాచు. నాలుగు రాత్రులు కూర్చున్నా ఇలాంటి మరక కంప్యూటర్లో పుట్టించలేను. పైన కిటికీలో గళ్ళ తెర కూడా అలాగే ఉంచేశాను, స్టేషన్ మాస్టర్ పెళ్ళాం కట్టుకుందనుకో.

కంగారు పడకు, జాగ్రత్త పడ్డాను. దుకాణాల బోర్డుల మీద అక్షరాలన్నీ తుడిచేశాను. వీధి పేరు, ఇంటి నంబరు ఏవీ లేవు. ఏ ఊరో ఎవడూ పోల్చలేడు. నిజం చెప్పాలంటే, బావా, మొదటి బండి ఆ స్టేషన్లో ఆగినప్పుడు నా కళ్ళు చెమర్చాయి. నేను కట్టిన చోటుకి నేనే ప్రయాణికుడిగా దిగినట్టుంది.

నీ బావమరిది


సర్వే ఆఫీసు క్వార్టర్స్,
ఆగస్టు

చిరంజీవి బావమరిదికి,

మణికట్టు మాట రెండు రోజులు మళ్ళీ మళ్ళీ చదివాను. తలుపుకి తాళం వేసి లేదే. వెళ్ళొద్దని ఎవరన్నారు? అలా అనుకున్నాను ముందు. తరవాత, తాళం లేకపోయినా వెళ్ళలేకపోయిందంటే తప్పు నాదే అయివుండాలి అనుకున్నాను. వయసు మీద పడుతుంటే మనిషికి బుద్ధి వస్తుందంటారు, నాకు కాస్త లేటుగా వస్తున్నట్టుంది. నిన్ను ఏమీ అడగడం లేదు. మనసులో మాట చెప్పుకోడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు కనక చెప్పాను.

ఫోటోలు అద్భుతం. బల్ల మీద పరుచుకుని భూతద్దం పెట్టి చూశాను. ఆ మెట్లు, ఆ నాచు, ఆ తెర. ఇన్నేళ్ళకి నువ్వు నాకు గురువయ్యావు. స్టేషన్ మాస్టర్ పెళ్ళాం పొందికైన మనిషిలా ఉంది.

ఒక్క లోటు మిగిలింది. ఏ స్టేషన్ బోర్డు మీదైనా పేరు కింద సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. మనది ఖాళీగా ఉంది. పేరు తరవాత పెట్టుకుందాం, తొందరేమీ లేదు. ఎత్తు మాత్రం ఊహించి రాయకు. గోడ నిజమైనప్పుడు ఎత్తు అబద్ధమైతే నాబోటి సర్వేవాడి కంట్లో నలుసు పడ్డట్టుంటుంది. ఎలా కనుక్కుంటావో నీ ఇష్టం. ఆ చుట్టుపక్కల ఎక్కడైనా దొరక్కపోదు.

నీ బావ


మేడమీద గది,
సెప్టెంబరు

బావకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తప్పు నాదే అన్న మాట నీ చేతిరాతలో చూస్తానని అనుకోలేదు. నీకు రాస్తున్నట్టు అక్కకి ఇంతవరకూ చెప్పలేదు. చెబితే బాధపడుతుందని భయం. కానీ ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది. తను తిరిగి రావాలని కాదు, అది తన ఇష్టం. నువ్వు మారుతున్నావని తెలిస్తే కనీసం వీధిలోకి వచ్చినప్పుడల్లా వెనక్కి చూసుకోవడం మానుతుందని.

ఇప్పుడు నీకొక కానుక. ఎత్తు దొరికింది. నువ్వు నమ్మవు, అదే ఇంట్లో దొరికింది. మెట్ల కింద పునాది రాయి మీద నాచు గీకితే సర్వేవాళ్ళు చెక్కే గుర్తు కనబడింది. అడ్డగీత, కింద బాణం, పక్కన అంకెలు. చిన్నప్పుడు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి వంతెన గోడ మీద ఇలాంటిదే చూపించావు, దీన్నే బెంచిమార్కు అంటారు, ఈ గీత సముద్రానికి ఎంత పైనుందో మా ఆఫీసు వాళ్ళు కొలిచి పెడతారు అన్నావు. గుర్తు చూడగానే నిన్ను పిలవాలనిపించింది.

స్టేషన్ బోర్డు మీద ఆ ఎత్తే రాశాను. గుర్తుని కూడా దగ్గర్నుంచి ఫోటో తీసి క్వార్టర్స్ పునాదికి అతికించాను. అంకెలు చెరపలేదు. చెరపడానికి చెయ్యి రాలేదు. ఊరి పేరేమీ లేదుగా, ఒట్టి అంకెలేగా. అదే ఎత్తులో వెయ్యి చోట్లుంటాయి. మన లైను తెలిసినవాడు ఎవడైనా వంగి చూస్తే ఆ రాయి దగ్గర ఆగిపోవాలి. నువ్వు ఆగుతావని నాకు తెలుసు.

నీ బావమరిది


సర్వే ఆఫీసు క్వార్టర్స్,
సెప్టెంబరు

చిరంజీవి బావమరిదికి,

కానుక అందింది. ఆగాను. చాలాసేపు ఆగాను.

ఇక ఫోటోలు అక్కర్లేదు. నడిమి స్టేషన్ వరకూ లైను పూర్తయినట్టే లెక్క. ఏ లైనుకైనా ప్రారంభోత్సవం అంటూ ఒకటుంటుంది కదా. ఆఫీసుకి సెలవు పెట్టాను. మీ అక్కకి నా గురించి ఏమీ చెప్పకు, చెప్పాల్సింది నేనే చెప్పుకుంటాను.

నీ బావ


మేడమీద గది,
అక్టోబరు

బావా,

ఆశీస్సులు, నమస్కారాలు ఏవీ లేవు. చదువు.

ఎదురింటి అరుగు మీద కూర్చున్నావట. పొద్దున్నే వచ్చి, చీకటి పడేదాకా. ఒక్క మాట గట్టిగా అనలేదట. ఇంటి యజమానురాలిని అమ్మా అని పిలిచి, నా భార్యమ్మా, మతి స్థిమితం లేదు, తీసుకెళ్ళడానికొచ్చాను అన్నావట. తను పనిచేసే కుట్టు వర్క్‌షాపుకి కూడా వెళ్ళి అదే మాట, అంతే మర్యాదగా. ఆ ముసలావిడ మూడో రోజుకి అక్కని పిలిచి, మంచాయనలా ఉన్నాడు, నీకేం రోగమే అంది. వర్క్‌షాపులో, ముందు మీ ఇంటి సంగతి చూసుకో, తరవాత రా అన్నారు. మిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే ఉండిపోయింది.

నాలుగో రోజు తలుపు గొళ్ళేనికి ఆ బిళ్ళ తగిలించి వెళ్ళావు. ఏమనుకున్నావు బావా? ఇన్నేళ్ళకి ఆవిడ చేతికి ఇచ్చాను, మురిసిపోతుంది అనుకున్నావా?

నేను వెళ్ళేసరికి అక్క మంచం మీద కూర్చుని ఉంది. కాళ్ళకి చెప్పులు వేసుకుని కూర్చుంది, ఇంట్లోనే. ఎలా తెలిసిందిరా అంది. చెప్పాను. ఉత్తరాలు, ఫోటోలు, రాయి, అన్నీ చెప్పాను. తిడితే బాగుండేది. మంచినీళ్ళు తెమ్మంది. తెచ్చేసరికి వెనక మెట్ల మీదుగా వెళ్ళిపోయింది. ఒక్క సంచి తీసుకెళ్ళింది. ఫోన్ బల్ల మీద వదిలేసింది. ఎక్కడికో నాకు తెలియదు. ఇప్పుడు నాక్కూడా తెలియదు, సంతోషమా?

తప్పు నాదే అని రాశావే. ఆ మాట కాగితం మీద పెట్టడానికి నీ చెయ్యెలా వచ్చింది?


సర్వే ఆఫీసు క్వార్టర్స్,
నవంబరు

చిరంజీవి బావమరిదికి,

కోపంలో ఉన్నావు కనక నీ భాషని పట్టించుకోను.

నీ షరతు నేను తప్పలేదు. మీ అక్క ఎక్కడని ఒక్కసారైనా అడిగానా? స్టేషన్ ఎత్తు అడిగాను. నువ్వే పంపావు. ఆ తెర నేను పదిహేనేళ్ళు కప్పుకున్న దుప్పటి. గళ్ళ మధ్య కాలిన మచ్చ నా సిగరెట్టుది. నా దుప్పటిని నేను పోల్చుకోలేనా? ఇక ఆ రాయి మీద గుర్తు చెక్కించింది మా ఆఫీసు. పక్కన అంకెల్లో ఎత్తొక్కటే ఉండదు, గుర్తు నంబరు కూడా ఉంటుంది. ఏ నంబరు ఏ ఊళ్ళో, ఏ వీధిలో, ఏ గోడకి ఉందో చూపించే షీటు గీసిన చెయ్యి ఇదే. నీకు ఇన్నేళ్ళు నేర్పాను, ఆ మాత్రం తెలియకుండా ఫోటో తీశావంటే తప్పెవరిది? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు బోర్డుల మీద అక్షరాలు తుడిచి జాగ్రత్త పడ్డానన్నావు.

నేను కొట్టానా? అరిచానా? తాళం వేశానా? భార్య ఎదుట కూర్చోవడం ఏ ఊళ్ళో నేరం? పోనీ పోయింది, ఎంత దూరం పోతుంది. ఎక్కడికెళ్ళినా ఏదో ఒక గోడ పక్కనే ఉండాలి కదా మనిషి. ఎప్పటికో ఒకప్పటికి నీకు చెప్పకుండా ఉండలేదు. తమ్ముడంటే ఆవిడకి ప్రాణం, అది నాకన్నా ఎవరికి తెలుసు?

నడిమి స్టేషన్ నుంచి గని దాకా సెక్షన్ మిగిలి ఉంది. షీటు పెడుతున్నాను. నీ కోపం చల్లారాక మొదలుపెట్టు.

నీ బావ


ఎక్కడినుంచో రాయను.
డిసెంబరు

తమ్ముడికి,

ఈ ఉత్తరం ఊరు మారుతున్న ఒకావిడ చేతికిస్తున్నాను, ఎక్కడో దారిలో పెట్టెలో వేస్తుంది. కవరు మీద ముద్ర చూసి వెతక్కు.

నీ మీద కోపం లేదని రాద్దామని కూర్చున్నాను. ఉంది. ఆ ఆదివారం నీ కంప్యూటర్లో నా కిటికీ, నా తెర చూపించి, చూడక్కా, నువ్వు స్టేషన్లో ఉంటున్నావు అన్నావు. ఎంత ముచ్చటపడ్డానో. బండి వస్తుంటే కిటికీ దగ్గర నిలబడ్డట్టు ఊహించుకున్నాను. అది నా కోసం చేశావనుకున్నాను. ఆయన మెప్పు కోసం చేశావని ఆ మంచం మీద కూర్చున్నప్పుడు తెలిసింది. నన్ను పెంచినవాళ్ళు నాకు ఆయన్ని చూపించారు, నేను పెంచినవాడు ఆయనకి నన్ను చూపించాడు. ఎవరిని ఏమనను?

నీకు తెలియాలి కాబట్టి చెబుతున్నాను. ఆయన ఎన్నడూ చెయ్యి చేసుకోలేదు. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయాను. తలుపు తీసే ఉండేది, నేనే దాటలేకపోయేదాన్ని. ఇప్పుడున్న గది తలుపుని రోజుకి పదిసార్లు ఊరికే దాటి వస్తాను. ఇక్కడివాళ్ళు నన్ను వింతగా చూస్తారు, చూడనీ.

నేనున్న చోటు నీకు చెప్పను. ఈసారి ఎన్నేళ్ళైనా చెప్పను. నువ్వు మాట తప్పుతావని కాదు. నువ్వు మంచివాడివి, మంచిగా అడిగితే ఇచ్చేస్తావు.

ఒక పని మాత్రం చేసిపెట్టు. ఆయనకి ఉత్తరాలు మానకు. నీకు కడుపు రగిలిపోతుంటుంది, తెలుసు. అయినా రాయి. ఆయన సంగతి నాకు తెలుసు, చేతిలో గీయడానికి లైనున్నంత కాలం బల్ల దగ్గర నుంచి లేవరు. లేచిన రోజు నన్ను వెతకడానికే లేస్తారు. కాళ్ళావేళ్ళా పడ్డట్టు రాయి, తప్పయిందని రాయి. లైను ఎన్నటికీ గని చేరనివ్వకు. గోడలు అడిగితే మీ ఊరివే తీసి పంపు. నేను మీ ఊరి ఛాయలకి కూడా రాను. మీ ఫ్యాక్టరీ వెనక తాళం వేసిన గోడౌను ఇల్లుందే, ఎవరూ ఉండనిది, అది తియ్యి. ఆయన వచ్చి దాని ముందు ఎన్నాళ్ళు కూర్చున్నా ఎవరికీ నష్టం లేదు.

ఈ కాగితం చదివాక కాల్చెయ్. దీనికి జవాబు రాయాలనిపిస్తుంది నీకు. రాసి ఎక్కడికి పంపుతావు? ఆ రాసేదేదో ఆయనకే రాయి.

అక్క


మేడమీద గది,
జనవరి

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయనందుకు క్షమించాలి. పోయినసారి నోటికొచ్చినట్టు రాశాను. పెద్దవారు, మనసులో పెట్టుకోకండి. మీరు చెప్పింది నిజమే, తప్పు నాదే.

మీరు పంపిన షీటు ప్రకారం నడిమి స్టేషన్ పైన పట్టాలు వేయడం మొదలుపెట్టాను. కానీ ఒక చిక్కు వచ్చింది. గని కిందున్న లోయ దగ్గర భూమి మీరనుకున్నంత గట్టిది కాదేమో. అక్కడ లైను సూటిగా పోవడం కుదరదు. చుట్టూ తిప్పాలంటే ఇంకో మూడు నాలుగు వంపులు కావాలి, ప్రతి వంపుకీ మీరు కారణం రాయాలి. మధ్యలో ఒక సొరంగం కూడా పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. తొందరేమీ లేదు, ఏళ్ళు పట్టినా ఫరవాలేదు. లైను సరిగ్గా రావడం ముఖ్యం.

అక్క నుంచి ఏ కబురూ లేదు. మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను.

ఈ సెక్షన్లో మొదటి స్టేషన్‌కి గోడ ఫోటోలు తీశాను. మా ఫ్యాక్టరీ దగ్గరదే, దూరం వెళ్ళే ఓపిక లేకపోయింది. బోర్డులు, నంబర్లు ఈసారి అన్నీ జాగ్రత్తగా తుడిచేశాను. గుమ్మం ముందు ఒక జత ఆడవాళ్ళ చెప్పులు మాత్రం ఫోటోలో పడ్డాయి. అవి తుడవడం మరిచిపోయాను. మీరు పట్టించుకోకండి.

ఇట్లు,
మీ బావమరిది